ఒక తల, రెండు చేతులు

వైరా
విశ్వావసు నామ సంవత్సరం, ఆశ్వయుజ బహుళ చతుర్దశి
20 అక్టోబరు 2025

శ్రీమతి మంగ్లి వదినగారికి, హైమ నమస్కరించి వ్రాయు లేఖ.

నేడు నరక చతుర్దశి. లోకం ఈ దినాన్ని టపాకాయలతో జరుపుకొంటుంది గాని, శాస్త్రం విధించిన మొదటి పని అభ్యంగనం. ఈ ఒక్క ఉదయం నూనెలో లక్ష్మీ, నీటిలో గంగా కొలువుంటారని పెద్దల మాట. ఆ నూనె ఎవరికి వారు రాసుకొనేది కాదు. ఇంటి పెద్ద కుడిచేతితో పిల్లల నడినెత్తిన పెట్టి, చిరంజీవివి కమ్మని దీవించాలి. శిరస్సు అవయవాలన్నింటిలోకీ ఉత్తమమైనది. దాన్ని తాకే అధికారం ఊరికే రాదు.

మన మనుమరాలు లిఖిత పుట్టిన ఏటి నుంచి ఆమె నెత్తిన ఆ నూనె పెట్టింది నేను. మా వెంకటకృష్ణా, మీ కవితా ఏజెన్సీ బడుల్లో పంతుళ్ళుగా ఊళ్ళు మారుతుంటే, పిల్ల నా ఒళ్ళో పెరిగింది. ఈ ఏడు కూడా పీట వేసి, నూనె గోరువెచ్చ చేసి, తెల్లవారేదాకా గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. పాల్వంచలో ఉద్యోగమూ, మీ ఇంట్లో నివాసమూ కుదిరాక పిల్లకు వైరా దారి దూరమైనట్టుంది. చివరకు ఆ నూనె నా నెత్తిననే పెట్టుకొన్నాను. చిరంజీవివి కమ్మని అనడానికి ఎవరూ లేరు.

అసలు సంగతికి వస్తాను. ఉద్యోగంలో చేరేముందు ఈ పిల్ల నాకు చెప్పకుండా పార్లరుకు పోయి, జుట్టు సాపు చేయించుకొన్నది. మోకాళ్ళను తాకే జడ అది. ఇరవై ఏళ్ళు నేను గుంటగలగర, మందారం, మెంతులు, ఉసిరి కలిపి కాచిన నూనెతో పెంచిన జడ. ఇప్పుడు ఎక్కడ పట్టుకొంటే అక్కడ తెగుతున్నదట. ఆ నూనె ఒక సీసా పంపుతున్నాను. వేళ్ళతో కుదుళ్ళకు గట్టిగా పట్టించండి. మీకు అలవాటు లేని పని గనుక ఇంత వివరంగా వ్రాయవలసి వచ్చింది.

నా చెవుల సంగతి మీకు తెలుసు. ఫోను నాకు పనికిరాదు. ఉత్తరమే వ్రాయండి.

ఇట్లు,
హైమ

~

పాల్వంచ
27 అక్టోబరు 2025

హైమ వదినగారికి, మంగ్లి నమస్కారాలు.

ఉత్తరమూ, సీసా అందినవి. కరెంటు ఆఫీసులో ఉద్యోగమంతా ఫైళ్ళకు జవాబులు రాయడంతోనే గడిచింది కనుక, మీరు ఎత్తిన అంశాలకు వరుసగానే జవాబిస్తాను.

పండుగనాడు లిఖితకు ఉదయం షిఫ్టు. చీకటితోనే లేచింది. నూనె నేనే పెట్టాను. చిరంజీవివి కమ్మని కూడా అన్నాను. అధికారం ఉందో లేదో చూసుకోలేదు. తల ఎదురుగా ఉంది, చెయ్యి ఖాళీగా ఉంది.

జుట్టు విషయం. పొద్దున లేస్తే దిండు నిండా వెంట్రుక ముక్కలే. ఊడిన వెంట్రుకకు మొదట్లో తెల్లని చిన్న బొడిపె ఉంటుంది. వీటికి లేదు. అంటే కుదుళ్ళు బాగానే ఉన్నవి, వెంట్రుక నడిమికి విరుగుతున్నది. పార్లరు మందు, ఇస్త్రీ లాంటి ఆ వేడి పట్టీ, దానిపైన ఉద్యోగం చేసే ప్లాంటులో రోజంతా హెల్మెట్టు. గట్టిగా రుద్దే పని కాదు ఇది. మా అబ్బాయి బాలకృష్ణ భద్రాచలం నుంచి ఒక మందు తెచ్చాడు. అది రాస్తున్నాను.

పిల్ల మీ దగ్గరికి రాలేదని బెంగ వద్దు. శనివారాలు పంపుతాను.

మంగ్లి

~

వైరా
17 నవంబరు 2025, కార్తిక సోమవారం

మంగ్లి వదినగారికి, హైమ వ్రాయునది.

కార్తికంలో కోపం కూడదంటారు. అందుచేత మొన్న శనివారం నుంచి నేటిదాకా కలం పట్టలేదు.

పిల్ల వచ్చింది. బస్సు దిగి గుమ్మంలో నిలబడగానే ఒక వాసన ముందుగా ఇంట్లోకి వచ్చింది. తేనెపట్టును సబ్బులో నానబెడితే వచ్చే వాసన. "ఏమిటే ఇది?" అన్నాను. "అమ్మమ్మ మందు, నానమ్మా. తాకి చూడు, ఎంత మెత్తగుందో" అని జడ నా చేతికిచ్చింది.

నా చేతికిచ్చింది, వదినగారూ. నేను పెంచిన జడను, పొరుగింటివాళ్ళు కొన్న కొత్త గుడ్డ చూపించినట్టు నాకు చూపించింది.

మీ అబ్బాయి అటవీశాఖలో ఉన్నాడు. అడవిలో వేర్లకు కొరత లేదని నాకూ తెలుసు. కాని ఏ వేరు ఎవరి తలకు సరిపడుతుందో చెప్పడానికి వైద్యశాస్త్రం చదివినవారే తడబడతారు. అందుచేత నేను జాగు చేయలేదు. కుంకుడు రసం చిక్కగా తీసి, ఆ మందు వాసన పోయేదాకా రుద్ది తలంటాను. ఒకసారికి పోలేదు. మూడోసారికి పోయింది. సాంబ్రాణి పొగ వేసి, ఈరుపేని దువ్వెనతో చిక్కు తీసి, మన నూనె దట్టంగా పట్టించి, బిగించి జడ వేశాను. చిక్కు తీసేటప్పుడు ఎన్ని ముక్కలు రాలాయో చెబితే మీకు బాధ కలుగుతుంది. అదంతా మీ వేరు చేసిన నష్టం.

మరొక మాట. నేను పంపిన నూనె మీవారు రామ్‌సింగ్ అన్నయ్యగారి మోకాళ్ళకు బాగా పనిచేస్తున్నదని పిల్ల నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేదు.

ఇట్లు,
హైమ

~

పాల్వంచ
1 డిసెంబరు 2025

హైమ వదినగారికి, మంగ్లి రాయునది.

వేరు కాదు. మందుల షాపులో అమ్మే సీసా. మీద చీటీ ఉంది, తేదీ ఉంది, వాడే విధానం అచ్చులో ఉంది. పాల్వంచలో నిల్వ లేదంటే బాలకృష్ణ భద్రాచలంలో కొన్నాడు. భద్రాచలం అంటే మీకు వేరే గుర్తొచ్చిందా? మాది తండా కనుక మేము ఆకులు నూరుకుంటామని మీరు అనుకున్నారు. కారేపల్లి అంగట్లో కొన్న కొబ్బరినూనె తప్ప మా అమ్మ నా తలకు మరొకటి రాయలేదు. ఆకులూ వేర్లూ కాచేది మీరు. లెక్క ప్రకారం అడవి మీ వంటింట్లో ఉంది.

మోకాళ్ళ సంగతి నిజం. నొప్పి తగ్గలేదు గాని మోకాళ్ళ మీద వెంట్రుకలు మొలిచినవని ఆయన సంబరం. "మంగ్లీ, జల్దీ ఇంకో సీసా తెప్పియ్, ఈసారి నెత్తికి పెడ్త" అంటున్నాడు. మీరు నవ్వకపోయినా సరే.

పిల్ల ఆదివారం చీకటి పడ్డాక దిగింది. తల జిడ్డు, జడ తాడు పేనినట్టు. "నొస్తున్నది అమ్మమ్మా, నుదురు ఎనకకు గుంజినట్టుంది" అన్నది. వెంటనే విప్పి, మీ నూనె పోయేదాకా రెండుసార్లు షాంపూతో కడిగి, మళ్ళీ మొదటినుంచి నా మందు పెట్టాను. ప్రతి ఆదివారం ఇదే పని. మీరు చెడగొట్టడం, నేను బాగుచేయడం.

ఖమ్మంలో చర్మం డాక్టరుకు చూపించాను. తల మీద కనిపించేదంతా ప్రాణం లేనిదేనట. గోరు చివరలాంటిది. దాన్ని కాపాడగలం గాని నయం చేయలేము, ప్రాణమంతా కుదురులో ఉంది, చివర్లు కొంత కత్తిరించి మిగిలినదాన్ని సతాయించకుండా వదిలేయండి అన్నాడు. కత్తిరించడానికి మీరు ఒప్పుకోరని పిల్ల ఏడ్చింది. అందుకని ఆపాను. నేను ఆపానన్నది గుర్తుంచుకోండి.

పట్టు దిండు గలీబు ఒకటి పంపుతున్నాను. మీ ఇంట్లో పడుకున్నప్పుడు దాని మీద తల పెట్టమనండి. నూలు బట్టకు రాసుకుంటే వెంట్రుక చిట్లుతుంది.

ఒక్క మాట రాయకుండా ఉండలేను. ఇరవై ఏళ్ళు ఆ జడ మీ చేతిలో ఉంది. నేను చూడటానికి వచ్చిన రోజుల్లో, "ఇప్పుడే కన్నంటుకుంది, లేపకండి" అని గుమ్మంలోనే చెప్పేవారు. నేను టీ తాగి బస్సెక్కేదాన్ని. ఇప్పుడు నాకు దొరికింది వారంలో అయిదు రోజులు. అవి కూడా ఎక్కువనిపిస్తున్నవా మీకు?

మంగ్లి

~

వైరా
22 డిసెంబరు 2025, ధనుర్మాసం

మంగ్లి వదినగారికి, హైమ నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరంలోని చివరి మాటకే ముందు జవాబు. మిగిలినవి తరువాత.

పిల్ల నిద్రపోతున్నదని చెప్పాను నిజమే. నిద్రపోయేది గనుకనే చెప్పాను. అయినా ఆ మాట అంతకాలం మోశారా?

పట్టు గలీబు అందింది. ఎంత సన్నని నేత! అంతటి పట్టును తల కింద పరచడానికి నాకు మనసొప్పలేదు. నా పారాయణ గ్రంథానికి చుట్టాను. ధనుర్మాసమంతా రోజూ దాన్ని కళ్ళకద్దుకొని విప్పుతున్నాను. ఇంతకన్న గౌరవం ఒక వస్తువుకు నేను చేయలేను.

ఇక నా బాధ వినండి. మొన్న శనివారం జడ వేస్తుంటే పిల్ల మెడ వంచి, పళ్ళు బిగించి కూర్చున్నది. "నొప్పా?" అన్నాను. "లేదు" అన్నది. దువ్వెన మళ్ళీ పెట్టేసరికి తనకు తెలియకుండా అన్నది: "అమ్మమ్మ చెయ్యి అసలు తెలియదు."

నేను డెబ్భై ఏళ్ళ దగ్గరికి వచ్చాను. మూడు తరాల పిల్లలకు పద్యాలు చెప్పాను. మత్సరం ఆరు శత్రువులలో చివరిదని, చివరిది గనుక అన్నింటికన్న లోతుగా దాక్కుంటుందని ఎందరికో అర్థం చెప్పాను. ఆ ఒక్క మాటతో అది నా వంటింట్లో పీట వేసుకొని కూర్చుంది. రెండు పూటలా దానికి వడ్డిస్తున్నాను.

తెగినంత తెగింది. పిల్లను వారంలో రెండు రోజులకు పంపితే నా వైద్యం పట్టదు. సెలవు పెట్టించి, పక్షం రోజులైనా వరుసగా నా దగ్గర ఉంచండి. ఆ జడ మళ్ళీ నిలబెడతాను. నిలబెట్టలేకపోతే దువ్వెన మీకే అప్పగిస్తాను. అంతకన్న నా దగ్గర పణం పెట్టడానికి ఏమీ లేదు.

హైమ

~

పాల్వంచ
19 జనవరి 2026

హైమ వదినగారికి, మంగ్లి నమస్కారాలు.

పిల్ల తలకని పంపిన గలీబును పుస్తకానికి చుట్టారు. మా ఇంటి నుంచి వచ్చిన బట్ట మీ దిండుకు పనికిరాలేదన్నమాట. గౌరవం అనే మాటతో చాలా పనులు చేయవచ్చు.

సెలవు గురించి. మీరు అడిగారు. నేనూ అడిగాను, దాచను. నా దగ్గర వరుసగా ఉంటే, మధ్యలో మీ కుంకుడుకాయ తగలకుండా ఉంటే, చివర్లు చిట్లడం ఆపగలను. ఇద్దరం అడిగామని లిఖితకు తెలిసింది. తరువాత, "సెలవు మంజూరైంది. ఫిబ్రవరి మొదట్లో. ఏడికి పోవాల్నో నేనే చూసుకుంట" అన్నది.

మీరు చాటుగా ఏమైనా చెప్పి ఉంటే ఇప్పుడే రాయండి.

మంగ్లి

~

వైరా
7 ఫిబ్రవరి 2026

మంగ్లి వదినగారికి.

నమస్కారం వ్రాయడానికి చెయ్యి రావడం లేదు. మన్నించండి.

నిన్న సాయంత్రం వాకిట్లో జీపు ఆగింది. మీ బాలకృష్ణ దిగాడు, వెనుక పిల్ల దిగింది. తలకు చున్నీ చుట్టుకొని ఉంది. నా దగ్గరే సెలవు గడపడానికి వచ్చిందని నా కాళ్ళు నేల మీద నిలవలేదు. పీట వేశాను. నూనె గిన్నె తెచ్చాను. చున్నీ తీయమన్నాను.

తీసింది.

తల ఇత్తడి చెంబులా ఉంది. ఒక్క వెంట్రుక లేదు.

నా చేతిలో గిన్నె ఒలికిందో, నేనే దింపానో నాకు గుర్తులేదు. "భద్రాచలంలో ఇచ్చేసిన, నానమ్మా" అన్నది. అంత పెద్ద మాటను, బస్సు టిక్కెట్టు ఇచ్చేసినంత తేలికగా. బాలకృష్ణ టీ కూడా తాగకుండా జీపెక్కాడు. అతని కళ్ళు నా కళ్ళలోకి రాలేదు. అప్పుడు నాకు అర్థమైంది.

ఇది మీ మొక్కు. నా చేతిలో జడ నిలబడుతుందేమోనన్న భయంతో, నాకు తెలియకుండా రాముడికి మొక్కి, మీ అబ్బాయిని తోడిచ్చి తీయించారు. మీ దగ్గర లేనిది నా దగ్గరా ఉండకూడదనుకొన్నారు. దేవుడి పేరు పెడితే నేను నోరెత్తలేనని మీకు తెలుసు. నిజమే, ఎత్తలేను. కాని వ్రాయగలను.

హైమ

~

పాల్వంచ
10 ఫిబ్రవరి 2026

హైమ వదినగారికి, మంగ్లి రాయునది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎందుకంటే పిల్ల గుండు సంగతి తెలిసి, అంతకు ముందురోజు నేను మీకొక ఉత్తరం మొదలుపెట్టాను. అందులో కూడా ఇవే మాటలు ఉన్నవి. మీ మొక్కు అనుకున్నాను. పద్యాలు తెలిసిన మనిషికి దేవుడితో రహస్యాలు ఉంటాయనుకున్నాను. ఆ ఉత్తరం చింపేశాను.

నేను మొక్కలేదు. బాలకృష్ణను పిలిచి నిలదీశాను. పాపం, వాడిని ఆమె దర్శనానికని తీసుకుపోయిందట. తలనీలాలు ఇచ్చే చోట వరసలో నిలబడేదాకా వాడికి తెలియదు. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

కత్తి పట్టుకున్నాయన అడిగాడట: "మూడు కత్తెర్లా, మొత్తమా తల్లీ?"

"మొత్తం."

"ఇంత జుట్టు! ఎవరి మొక్కు?"

"ఎవరి మొక్కు గాదు. ఇంట్ల ఇద్దరు ముసలమ్మలు దీనికోసం కొట్లాడుకుంటున్నరు. పంచాయితీ తెంపుదామని."

"గిట్ల చెప్పినోళ్ళను నేను సూడలే" అని ఆయన కత్తి దించి నవ్వాడట. బాలకృష్ణ, "బిడ్డా, ఇంటికి పోయి అడుగుదాం" అని చెయ్యి పట్టుకుంటే, "అడిగితే ఇంకో ఏడాది తలంటుతరు మామా" అన్నదట. మీ కళ్ళలోకి వాడు చూడలేకపోయింది భయంతో. నా కళ్ళలోకి కూడా చూడటం లేదు.

నిన్న ఫోనులో నేను ఏడిస్తే లిఖిత నన్ను తిట్టింది. "అమ్మమ్మా, పార్లరోళ్ళు సగం ఖరాబు చేసిండ్రు. తక్కిన సగం మీరిద్దరు కడిగేసిండ్రు. శనివారం నీ మందు పోవాలని నానమ్మ మూడుసార్లు. ఆదివారం నానమ్మ నూనె పోవాలని నువ్వు రెండుసార్లు. ఆ తల నాదని ఒక్కలకన్న యాదికొచ్చిందా? డాక్టరు సతాయించొద్దన్నడు. నేను మిమ్మల్ని ఆపలేను, అందుకే జుట్టునే ఆపిన. ఇప్పుడు కొత్తది వస్తది. అది పార్లరుది గాదు, నీది గాదు, నానమ్మది గాదు."



మీ మీద నాకు ఇంకా కోపంగానే ఉంది. అది వేరే. ఆ తలను మీరు చూశారు. నేను ఇంకా చూడలేదు. ఎట్లా ఉంది? చిన్నప్పుడు నేను ఎత్తుకోని తల. గుండ్రంగా ఉందా? వెనుక చదునుగా ఉందా, మా కవితకు ఉన్నట్టు? ఎండలో తిరగనివ్వకండి. చర్మం కందితే గంధం పెట్టండి. సబ్బు ముట్టనివ్వకండి.

నాకంటే ముందు మీరు చూశారు. మళ్ళీ మీరే ముందు.

మంగ్లి

~

వైరా
15 ఫిబ్రవరి 2026, మహాశివరాత్రి

ప్రియమైన మంగ్లి వదినగారికి, హైమ నమస్కరించి వ్రాయు లేఖ.

గుండ్రంగా ఉంది. వెనుక కొంచెం చదును. కవిత తలలాగే. నేను ఇన్నేళ్ళు ఆ జడ కింద ఏముందో చూడలేదు. ఎడమచెవి పైన చిన్న పుట్టుమచ్చ ఉంది. అది మా వంశంలో ఎవరికీ లేదు. మీ వైపుదేమో చూసుకోండి.

ముందు చూసింది నేనే. దాన్ని నేనూ కాదనను, సంతోషించాను కూడా. కాని ముందు తాకింది బాలకృష్ణ. తల తుడిచింది అతనే అట. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. మేనమామ గనుక అతనికి ఉన్న హక్కు నాకు లేదని మీరు అంటారు. అనండి.

మొదటి ఆరు రోజులు పిల్ల నన్ను దగ్గరికి రానివ్వలేదు. నూనె వద్దన్నది, నీళ్ళు తనే పోసుకొన్నది. నేను గడప దగ్గర కూర్చుని చూశాను. చేతులకు పని లేకపోతే ఎంత బరువుగా ఉంటాయో! ఏడోనాడు ఎండకు నెత్తి కందింది. మీరు వ్రాసిన గంధం మాట చెప్పాను. అమ్మమ్మ చెప్పిందా అని రెండుసార్లు అడిగి, అప్పుడు తల వంచింది. సాన మీద గంధం తీసి, గోరు తగలకుండా, ఊపిరి బిగబట్టి అరచేత్తో పెట్టాను.

"నానమ్మా, ఇవాళ నీ చెయ్యి తెలుస్తలేదు" అన్నది.

వదినగారూ, నాకు ఏ సభలోనూ ఇంతటి శాలువా కప్పలేదు.

ఆనాటి నుంచి రోజూ గంధం పెడుతున్నాను. నేడు శివరాత్రి. రేపు పొద్దున్నే ఆమె మీ దగ్గరికి బయలుదేరుతుంది. ప్రయాణానికి ముందని సాయంత్రం గంధం మొదలుపెట్టాను. కుడివైపు పూర్తయింది. నడినెత్తి దాటబోతుంటే తన చెయ్యి అడ్డం పెట్టింది.

"అంతే. ఈ సగం అమ్మమ్మది."

"సగం తలతో బస్సెక్కుతావా? లోకం ఏమనుకుంటుంది?"

"చున్నీ ఉందిగా. లోకానికేం తెలుస్తది? మీ ఇద్దరికి తెలిస్తే చాలు."

కనుక రేపు మీ ఇంటికి వచ్చే తలలో ఎడమ సగం గంధం లేకుండా ఖాళీగా ఉంటుంది. అది మీది. గంధం చెక్క ఆమె సంచిలో పెట్టాను, ఈ ఉత్తరమూ అందులోనే పెడతాను. ఒక్క తప్పు చేశాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టేలోపల నడినెత్తిన గీత కొంచెం దాటాను. కావాలనే దాటాను. మీరు గమనిస్తారని తెలుసు. గమనించినా అడగవద్దు.

మాట ఇస్తున్నాను. ఇకమీదట మీ ఇంట్లో పెట్టింది ఏదైనా నేను కడగను. వాసన వస్తే రానివ్వండి. మీరూ ఆ మాట ఇవ్వండి. పిల్ల అడిగితేనే దువ్వెన తీద్దాం. కొత్త వెంట్రుక వేళ్ళకు అందేంత రాగానే నాకు వ్రాయండి. మీ వైపు సగంలో ముందు వచ్చిందని మాత్రం వ్రాయవద్దు. అది నిజమైనా నేను ఓర్వలేను.

జాగరణ గనుక కూర్చుని, ఎన్నాళ్ళకో ఒక ఆటవెలది కట్టాను. మన తరువాత ఈ రెండిళ్ళలో పుట్టబోయే ఆడపిల్లలకు ఇది మనిద్దరి దీవెనగా ఉండనివ్వండి.

వచ్చు తరములోని పాపాయి తలలపై
చేయి దీవెనగను చేరుగాక
కురులకన్న ముందు కూరిమి పెరుగగా
నూరు వత్సరములు నోము పండ.